అచ్చు, మగ్గు, సంపు

పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గుంపులో ఆయన పోయారని పెట్టారు. పాస్‌పోర్టు సైజు ఫోటో, చెరో పక్కా ఒక దీపం బొమ్మ. దాని కింద వరసగా జోడించిన చేతులు. "మృదుస్వభావి" అని ఒకరు రాశారు. "ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అని ఇంకొకరు.

శుద్ధ అబద్ధం. పల్లెత్తు మాట అనలేదని రాసిన ఈ పెద్దమనిషినే ఆయన ఒకసారి అందరి ముందూ "నీకు కంప్యూటర్ ఎవడిచ్చిండు రా బై?" అని అడిగారు. పోయినవాళ్ళకి సున్నం కొట్టి తెల్లగా చేసేస్తే తప్ప మనకి ఏడుపు రాదేమో! గుంపులో ఒక మాట రాయబోయాను. తుడిచేశాను. మళ్ళీ రాశాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చి రాశాను, పాలు పొంగితే వెళ్ళి తుడిచాను, వచ్చి ఇదీ తుడిచాను. ఈ వారమంతా ఇదే సంత. అక్కడ రాయలేనిది ఇక్కడ రాస్తున్నాను. రాస్తే కాలు నిలుస్తుందేమో చూడాలి.

నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ బకెట్లూ మగ్గులూ పోసే ఫ్యాక్టరీ ఒకటుండేది. దాని పక్క మేడ మీద మా ఆఫీసు. రక్తపరీక్షలు చేసే ల్యాబులకి సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళం. పేషెంటు పేరు ఎక్కించడం, ఫలితాలు కొట్టడం, రిపోర్టు ప్రింటు తీయడం, అంతా అందులోనే. నాది టెస్టింగ్. అంటే ఒకరు రాసిన దాంట్లో తప్పులు పట్టడానికి నాకు జీతం. ఇంట్లో ఇదే పని ఉచితంగా చేస్తానని మా ఆయన ఫిర్యాదు. ఈ పోయిన మనిషి సర్వర్లు చూసేవారు. మావాళ్ళు రాసిన ప్రోగ్రాముని తీసుకెళ్ళి ల్యాబుల్లోని కంప్యూటర్లలో నడిచేలా పెట్టడం ఆయన పని.

నాకంటే పెద్దవారు. అయినా నన్ను "అక్కా" అనేవారు.

"నేను మీకు అక్కనెలా అవుతానండీ? మీ జుట్టు చూసుకోండి" అంటే, "గౌరవం ఇచ్చినా లొల్లేనా అక్కా?" అనేవారు.

ఘట్‌కేసర్ వైపు మనిషి, ఉప్పల్‌లో కాపురం. నేను తెనాలి నుంచి వచ్చి ఉప్పల్‌లో స్థిరపడ్డదాన్ని. ఒకే బస్సులో వచ్చేవాళ్ళం, ఒకే బస్సులో పోట్లాడుకునేవాళ్ళం. ఆ మనిషి కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా రాడ్డు పట్టుకుని నిలబడేవారు. ఆఫీసులో కీబోర్డుని ఒక పొట్టి బీరువా మీద ఎత్తుగా పెట్టుకుని నిలబడే కొట్టేవారు. ఏదైనా ఆలోచన వస్తే కుర్చీల వెనక వరసగా నడుస్తూ ఒక్కొక్క కుర్చీ వీపు మీదా వేళ్ళతో కొట్టుకుంటూ పోయేవారు. తల్లో దరువేసినట్టుండేది నాకు. ఒకరోజు చెయ్యి పట్టుకుని ఆపాను. "సగం ఆలోచన పోయిందక్కా" అన్నారు, నిజంగానే ఏదో జారిపోయిన మనిషిలా.

అప్పట్లో మా ఇద్దరి నిత్య రణం ఏమిటంటే, ప్రోగ్రాము రాసిన కుర్రాడి కంప్యూటర్లో నడిచేది నా కంప్యూటర్లో నడిచేది కాదు. నా దాంట్లో నడిచింది ల్యాబులో నడిచేది కాదు. "నా మిషిన్‌లో నడుస్తోంది మేడం" అని వాడు, "అయితే నీ మిషినే మూటకట్టి ల్యాబుకి పంపు" అని నేను. మధ్యలో ఆయన. ల్యాబు కంప్యూటర్లో ఒక ముక్క పాతది ఉంటుంది, ఒక ముక్క అసలు ఉండదు. వెళ్ళి ఒక్కొక్కటీ అతికించి రావాలి. ఏళ్ళ తరబడి ఇదే బతుకు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చే ముందు సంవత్సరం ఆయనకి కంటైనర్ల పిచ్చి పట్టుకుంది. తిమింగలం బొమ్మ పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఒకటి కొత్తగా వచ్చింది. అసలు పనికి ఇంకా వాడకండి, ప్రయోగాలు చేసి చూడండి అని తయారుచేసినవాళ్ళే చెబుతున్న రోజులు. ఈయన ఆగుతారా? ఒక మధ్యాహ్నం మమ్మల్నందరినీ కిందికి దింపి పక్క ఫ్యాక్టరీలోకి తోలుకుపోయారు. కరిగిన ప్లాస్టిక్ వాసనకి కళ్ళు మండుతున్నాయి. మిషిను నోరు తెరిచి ఎర్ర మగ్గుని బయటికి ఉమ్మింది, మళ్ళీ మూసుకుంది.

"సూడుండ్రి" అన్నారు, ఆ మోతలో గొంతు పెంచి. "లోపల ఉన్నది అచ్చు. మన సాఫ్ట్‌వేర్, దానికి కావలసిన సామానంత కలిపి ఒక్కసారి అచ్చు చేసి పెడ్తం. దాన్ని ఇమేజ్ అంటరు. అచ్చుల నుంచి ఊడిపడ్డ మగ్గు ఉన్నది చూడు, గదే కంటైనర్. నడిచేది, పనిచేసేది గదే. ఈ మగ్గు నాచారంల పోసినా మల్కాజిగిరిల పోసినా ఒక్కతీరే ఉంటది. ఇగ 'నా మిషిన్‌ల నడుస్తున్నది' అనేటోని నోరు బంద్."

"మరి ఈ మిషిను?" అని ఎవరో అడిగారు.

"గా మిషిన్‌ను మనం ఇంజిన్ అంటం. మనం గీడ ఒక మాట చెప్తే అది పోస్తది, చెప్తే ఆపుతది. వెనకాల ఎప్పుడూ మెలకువగుంటది. అగో, గా అర్రల ఇనుప అల్మారీలు కనపడ్తున్నయా? అచ్చులన్నీ పేర్లు రాసి దాచే జాగ. మనకు గట్లాంటిదాన్ని రిజిస్ట్రీ అంటరు. ఎవనికి కావాలంటే వాడు దించుకపోతడు. అచ్చు గూడ ఒక్క ముద్ద గాదు, పలక మీద పలక. పిడి మార్చాలంటే పిడి పలక ఒక్కటే మారుస్తరు, కిందివి అట్లనే ఉంటయి."

నేను ఊరుకునే రకం కాదు కదా. "బాగుంది. ఆ మగ్గులో మేం నీళ్ళు పోస్తాం. రేపు మీరొచ్చి పాత మగ్గు పారేసి కొత్తది పెడతారు. నీళ్ళేమవుతాయి?"

ఆయన మొహం వెలిగిపోయింది. నన్ను పొగడటం ఆయనకి చేతకాదు గానీ, ఆ క్షణాన పొగిడినంత పని చేశారు. "గదీ ప్రశ్న! ఎవరన్న మగ్గుల నీళ్ళు దాసుకుంటరా అక్కా? మీ ఇంట్ల నీళ్ళు యాడుంటయి?"

"సంపులో."

"గంతే. పేషెంట్లు, రిపోర్టులు మన నీళ్ళు. అవి బయట సంపుల ఉండాలె. దానికి వాల్యూమ్ అని పేరు. మగ్గుకు సంపు నుంచి పైపు కలపాలె. ఇగ మగ్గు పగిలిపోనీ, ఫికర్ లేదు. మగ్గు మీద మమకారం పెట్టుకోవద్దు."

ఆ రోజు నుంచి ఈ మాటతో మా ప్రాణాలు తీశారు. ఎవరి బండికో గీత పడితే "మగ్గు మీద మమకారం పెట్టుకోవద్దు." ఎవరో ఒకమ్మాయి పెళ్ళిచూపుల్లో సంబంధం తప్పిపోయి కళ్ళు తుడుచుకుంటుంటే అదే మాట. నేను ఆ పిల్ల తరఫున నాలుగు తిట్టాను. ఎవరేం పోగొట్టుకున్నా "సంపుల ఉన్నదా?" అని అడిగేవారు. మా బోడుప్పల్ ప్లాటు కాగితాలు కనపడక నేను ఏడుపు మొహంతో వస్తే కూడా. ఇంత తెలివైనవాడికి ఎదుటివాళ్ళ మొహం చదవడం ఎందుకు రాలేదో!

ఇక రాష్ట్రం గొడవ. మా ఇంట్లో ఆ రోజుల్లో రోజూ అదే బెంగ. వచ్చి ఇన్నేళ్ళయింది, పిల్లలు ఇక్కడే పుట్టారు, రేపు మమ్మల్ని ఏమంటారో అని. ఒకరోజు బస్సులో అడిగేశాను.

"విడిపోతే మా గతేంటండీ?"

"ఏమైతది? ఎవరి కంటైనర్ వాళ్ళదే. కింద మిషిన్ ఒక్కటే."

"ఆ మిషిన్ ఎవరిది?"

ఆయన పెద్దగా నవ్వారు. బస్సులో జనం తిరిగి చూశారు. "గదే కదక్కా లొల్లంత!"

నేను నవ్వలేదు. రెండు రోజులు మాట్లాడలేదు కూడా. మూడో రోజు ఆయనే వచ్చి, "నువ్వు యాడికి పోతవక్కా, నువ్వు పోతే నాతోని ఎవరు కొట్లాడాలె?" అన్నారు. క్షమాపణ అడగడం ఆయన భాషలో అంతకంటే లేదు.

మల్కాజిగిరిలో ఒక డాక్టరుగారి ల్యాబు మా పెద్ద ఖాతా. మొట్టమొదట కంటైనర్లతో మొదలుపెట్టడానికి దాన్నే ఎంచుకున్నారు. ముందు రోజే వెళ్ళి కంప్యూటర్లో అన్నీ సర్ది, మర్నాడు పొద్దున వచ్చి నడిపిస్తానని చెప్పారు. ఆ మర్నాడు బంద్ అయింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఆయన ఉప్పల్ నుంచి నాచారం నడిచి వచ్చారు, వెనకాల నేనూ. ఆఫీసుకి ఇంకెవరూ రాలేదు. మల్కాజిగిరి దాకా నడిచేలోపు దారిలో ఎక్కడ ఆపేస్తారో తెలీదు. వాయిదా వేద్దామంటే అక్కడ డాక్టరుగారు ముహూర్తం పెట్టించుకుని కూర్చున్నారు. కంప్యూటర్‌కి బొట్టు పెట్టేశారు, పూలదండ వేసేశారు. ఆ ఘడియ దాటితే మళ్ళీ మంచి రోజు లేదట.

దాంతో ఫోన్లో చెప్పడం మొదలుపెట్టారు. అటువైపు రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడ. పేరెందుకు, ఇద్దరు పిల్లల తల్లి, మాట కటువు, పని చురుకు. కంప్యూటర్ ఆజ్ఞలు ఆమె ఎప్పుడూ కొట్టినది కాదు. ఆయన కుర్చీల వెనక నడుస్తూ ఒక్కొక్క అక్షరమే చెబుతున్నారు.

"ఇప్పుడు గీత. పండుకున్న గీత గాదమ్మా, వాలుగీత. పక్కకు ఒరిగినట్టుంటది."

స్పీకర్లో ఆమె గొంతు: "ఎటు ఒరిగింది సార్? గిటా గటా?"

"గటు!"

"గటంటే ఎటు సార్, మీరు నాకు కనపడ్తున్నరా?"

నేను నవ్వాపుకోలేక చచ్చాను. సంపుకి పైపు కలిపే ముక్క ఆ ఆజ్ఞలో అన్నిటికంటే పొడుగైనది. దాన్నిండా వాలుగీతలూ చుక్కలే. రెండుసార్లు కొట్టింది, రెండుసార్లూ తప్పని వచ్చింది. అటువైపు గంట మోగింది. "సార్, కొబ్బరికాయ పట్టుకొని డాక్టర్ సారు నిలబడ్డడు. టైం దాటిపోతున్నదంటున్నరు. జర జల్ది!"

"సరే, గా ముక్క ఇడిసిపెట్టు. మిగిలింది కొట్టి ఎంటర్ నొక్కు. సాయంత్రం నేనొచ్చి కలుపుత."

కొబ్బరికాయ పగిలిన చప్పుడు ఫోన్లో వినపడింది. మేమిద్దరం చప్పట్లు కొట్టాం.

సాయంత్రం బంద్ సడలలేదు. మర్నాడు ఇంకో ల్యాబులో ఏదో తగలబడింది, అటు పరిగెత్తారు. ఆ తర్వాత ల్యాబు చక్కగా నడుస్తుండేసరికి ఆ ముక్క ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు ఆ మాట విన్నది నేనూ, ఫోన్ పట్టుకున్న ఆవిడా. ఏది వదిలేయమన్నారో, వదిలేస్తే ఏమవుతుందో ఆమెకి తెలియదు. సంపులోవన్నీ రోజూ ఇంకో డిస్కులోకి కాపీ అయ్యే ఏర్పాటు కూడా ఆయనే చేశారు. అది ఒక్కరోజూ మానకుండా, బుద్ధిగా, ఖాళీ సంపుని కాపీ చేస్తూ వచ్చింది.

ఎండలు ముదిరే ముందు సాఫ్ట్‌వేర్‌లో కొత్త మార్పులు పెట్టాలన్నారు. అప్పటికి ల్యాబుకి లైను వేయించుకున్నారు కాబట్టి, ఆఫీసు నుంచే దాని కంప్యూటర్లోకి వెళ్ళి పాత కంటైనర్ ఆపారు. తీసేశారు. కొత్త అచ్చు దించి, ఈసారి పైపు కలిపి, కొత్తది లేపారు. గర్వంగా నావైపు చూశారు, ఎంతసేపు పట్టిందో చూశావా అన్నట్టు. తెర వచ్చింది. పేషెంట్ల జాబితా తెరిచారు. ఖాళీ.

మళ్ళీ తెరిచారు. నేను నా పక్కనుంచి తెరిచాను. ఖాళీ. కొబ్బరికాయ కొట్టిన నాటి నుంచి ఆ ల్యాబుకి వచ్చిన మనుషుల చక్కెర, ఉప్పు, కొవ్వు, థైరాయిడ్ అన్నీ ఆ పారేసిన మగ్గుతో పాటు పోయాయి.

ఆయన రెండు చేతులూ బీరువా మీద ఆనించి నిలబడ్డారు. "అక్కా, నీళ్ళు మగ్గులనే ఉండె" అన్నారు.

మా ఎండీగారికి విషయం అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆయనది భీమవరం వైపు, వ్యాపారం తెలిసిన మనిషి. అన్నీ విని ఒకటే అడిగారు.

"ఆ రోజు కంప్యూటర్ దగ్గర కూర్చుని కొట్టిందెవరు?"

"రిసెప్షన్ ఆవిడ సార్."

"మరింకేం? మనం సరిగ్గానే చెప్పాం, ఆవిడ తప్పు కొట్టింది. ఫోన్లో చెప్పిన మాటకి సాక్ష్యం ఏముంది? పదండి, వెళ్ళి చెప్పేద్దాం." కారు తాళాలు తీసుకుని ముందు వెళ్ళిపోయారు.

మేమిద్దరం ఆటోలో వెనకాల. తార్నాక దాటాం. ఆటోలో కూర్చోక తప్పదు కదా, ఆయన సీటు అంచున వేలాడుతూ రాడ్డు మీద వేళ్ళతో కొడుతున్నారు.

"ఆవిడ మీద వేస్తే ఊరుకోను, ఎండీతో నేనే పోట్లాడతాను" అన్నాను. "కానీ మీరు కూడా తప్పు నాదే అని గుండె బాదుకోవద్దు. హార్డ్ డిస్కు పోయిందని చెబుదాం. ఎవరి తప్పూ లేదు. ఆవిడ ఉద్యోగం ఉంటుంది, మన ఖాతా ఉంటుంది."

"డిస్కు పోలే గదక్కా."

"పోలేదని ఆయనకెలా తెలుస్తుంది? రక్తం చూసే డాక్టరు, డిస్కులు చూస్తాడా?"

"డిస్కు పోయిందంటే కొత్త డిస్కు తెస్తరు. మల్ల గట్లనే మగ్గుల పోసుకుంటరు. మిగిలిన ల్యాబులల్ల గూడ."

"మీరు మాకు చెప్పుకోండి ఆ పాఠం. ఆయనకెందుకు? మీ ఉద్యోగం పోతుంది తెలుసా?"

"పోతది."

"మావి? ఈ ఖాతా పోతే ఆఫీసులో సగం మంది ఇళ్ళకి పోతారు. వాళ్ళేం తప్పు చేశారు?"

రైల్వే గేటు దగ్గర రాడ్డు మీద ఆయన వేళ్ళు ఆగాయి. "గా మాటకు నా తాన జవాబు లేదక్కా" అన్నారు చివరికి.

జవాబు లేదని ఒప్పుకున్నవాడు ఆగాలి కదా? ఆగలేదు. డాక్టరుగారి గదిలో ముగ్గురికీ కుర్చీలు చూపించారు. మేం కూర్చున్నాం, ఆయన నిలబడ్డారు. రిసెప్షన్ ఆవిడ బయట హాల్లో పేషెంట్లకి నంబర్లు పిలుస్తోంది. ఎండీగారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "డాక్టరుగారూ, మొదటిరోజు మీ స్టాఫ్ కమాండ్ కొట్టేటప్పుడు చిన్న పొరపాటు..."

"ఆమె నేను చెప్పింది చెప్పినట్టే కొట్టింది సార్" అన్నారీయన. "నేనే ఒక ముక్క చెప్పలే. టైం దాటిపోతదని ఇడిసిపెట్టమన్న. సాయంత్రం కలుపుత అన్న, మర్చిపోయిన."

డాక్టరుగారి మొహం ఎర్రబడింది. "అంటే నా ముహూర్తం మీద పెడుతున్నావా?"

"లేదు సార్. ముహూర్తం మీది. తొందర నాది."

అక్కడితో ఆపినా బాగుండేది. బల్ల మీది పెన్నుల డబ్బా తీసి, "ఇది మగ్గు అనుకోండి సార్" అని మొదలుపెట్టారు. ఎండీగారు కళ్ళు మూసుకున్నారు. సంపు దాకా వెళ్ళకముందే డాక్టరుగారు తలుపు చూపించారు. సాఫ్ట్‌వేర్ ఉంచుకుంటారట, ఈ మనిషి మాత్రం మళ్ళీ తన గుమ్మం తొక్కకూడదట.

ఏప్రిల్‌లో ఆయన్ని మానేయమన్నారు. వెళ్ళేరోజు కూడా మేం పోట్లాడుకున్నాం. మిగిలిన ల్యాబుల డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు కదా, ఖాతాలు ఒక్కొక్కటే జారడం అప్పటికే మొదలైంది. "మీ నిజాయితీకి బిల్లు మేం కడుతున్నాం" అన్నాను మొహం మీదే. ఆయన తలూపారు. ఆ సంవత్సరం తిరక్కుండా మా ఆఫీసు మూతపడింది. అందుకే చెబుతున్నాను, ఆ గుంపులో "మహానుభావుడు" అని రాయడం నా వల్ల కాదు. హార్డ్ డిస్కు అని ఒక్క ముక్క అంటే ఎవరికి నష్టం? ఈ ప్రశ్న ఇప్పటికీ నన్ను పట్టి కుదుపుతోంది. జవాబు దొరికిందనుకుని పడుకుంటాను, అటు తిరిగి పడుకునేసరికి అది జవాబు కాకుండా పోతుంది.

జూన్‌లో రాష్ట్రం వచ్చింది. ఉప్పల్ చౌరస్తా అంతా తోరణాలూ డప్పులూ. ఆ సందడి సద్దుమణిగాక ఒక పొద్దున థైరాయిడ్ పరీక్షకి మల్కాజిగిరి ల్యాబుకే వెళ్ళాను. పాత పేషెంట్ల వివరాలన్నీ తెర మీద మళ్ళీ కనపడుతున్నాయి. ల్యాబువాళ్ళే ఎలాగో ఎక్కించుకున్నారని మేం అంతకుముందు విన్నాం. రిసెప్షన్ ఆవిడ రక్తం తీయడం కూడా నేర్చుకుంది. నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టి, చేతికి రబ్బరు పట్టీ కట్టింది.

"మీ కంపెనీల ఒక సారు ఉండె గద మేడం, ఎప్పుడు చూడు నిలబడే ఉంటడు. ఇప్పుడు లేడా?"

"లేరు. మానేశారు."

"మంచిగైంది. ఆయన చేసిన పనికి నా ఆదివారాలన్ని పోయినయి. పాత రిపోర్టుల నకళ్ళు మూటలు మూటలు దించి ఆయన చదువుడు, నేను కొట్టుడు. ఒక్క అంకె తప్పు పడితే ఇంతెత్తున లేస్తుండె. ఒక ఆదివారం నేను గూడ తిట్టిన, నువ్వు చేసిన దానికి నా మీద అరుస్తవేంది సారూ అని. డాక్టర్ సారు చూస్తే కోపం చేస్తడని ఎనక తలుపుల నుంచి రానిచ్చేదాన్ని. జీతం తీస్కునేటోడు గద, పొద్దుగాలనే వచ్చి నిలబడుతుండె."

"ఇదెప్పుడు?" అన్నాను.

"మే నెలంత మేడం. మస్తు ఎండలు. మీ కంపెనీయే గద పంపింది?"

ఆవిడ నా మోచేతి మడత మీద దూదితో తుడుస్తూ నరం వెతుకుతోంది.

"తప్పు నాదే అని ఆయనే అన్నడు, నేనన్నది గాదు. చదువుకున్న మనిషికి గంత సోయి లేకుంటె ఎట్ల మేడం? మీరే చెప్పుండ్రి."

చెప్పడానికి నోరు తెరిచాను. ఆ లోపలి గదిలో ఆవిడ ఉద్యోగం బల్ల మీద పెట్టిన సంగతి, దాన్ని ఎవరు తీసి పక్కన పెట్టారన్న సంగతి, మే నెలలో ఆ మనిషికి ఏ కంపెనీ జీతమూ లేదన్న సంగతి, అన్నీ నాలిక చివరిదాకా వచ్చాయి. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పెక్కడుంది? ఆయన చెప్పింది చెప్పినట్టే చెబుతోంది.

"పిడికిలి బిగించుండ్రి మేడం" అంది.

బిగించాను.